చేపలకు పోస్టింగులు

మొన్నామధ్య ఓ మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి, తడిసిన బనీనుతో, చేతిలో చిల్లుల గరిటెతో, సోఫా కింద సగం దూరి ఉండగా మా ఆవిడకి దొరికిపోయాను. లైటు వేసి కాసేపు అలాగే నిలబడింది. నా కాళ్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు కాబట్టి వాటితోనే మాట్లాడింది.

"ఈ వేళప్పుడు బూరెలేంటండీ?"

సోఫా కింద ఒక చేప ఉంది. బకెట్లో నాలుగున్నాయి. తొట్టెలో మిగిలినవి నీళ్ల పైకి వచ్చి, రేషను కొట్టు ముందు జనంలా నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. ఇదంతా చెప్పొచ్చు. చెప్పలేనిది వేరే ఉంది. మా ఇంటి చేపల విషయంలో రెండు లెక్కలున్నాయి. మా ఆవిడకి చూపించినది ఒకటి, అసలుది ఒకటి. పదకొండు నెలలుగా ఆ రెండో రిజిస్టరు నేనొక్కణ్నే రాసుకొస్తున్నాను. ఇవాళ దాన్ని ఆడిట్‌కి పెడుతున్నాను.

ముందుగా నా అర్హతలు. ముప్పై ఒక్క ఏళ్లు ఓ సర్కారీ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను చూశాను. అంటే బదిలీలు, పోస్టింగులు. ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెడితే ఫైలు కదులుతుందో, ఎవర్ని కూర్చోబెడితే కుర్చీలు గాల్లోకి లేస్తాయో నాకు తెలుసని నా గట్టి నమ్మకం. మొగుడూ పెళ్లాలకి ఒకే ఊరు కావాలంటే స్పౌజ్ కేసు. మాట విననివాణ్ని శంకరగిరి మాన్యాలు పట్టించడానికి ఓ మారుమూల ఆఫీసు. పదవీ విరమణ నాడు శాలువా కప్పి, "మనుషుల్ని చదివిన మనిషి" అన్నారు. శాలువా కప్పిన ప్రతివాణ్నీ అదే అంటారని నాకు తెలుసు. ఆ ప్రసంగాలు చాలావాటికి చిత్తు రాసింది నేనే. అయినా నమ్మాను.

ఆ నమ్మకంతో ఆర్నెల్లు ఖాళీగా కూర్చున్నాక, బెంగళూరు నుంచి మనవడు ఫోన్ చేశాడు. వేసవి సెలవులకి వస్తున్నాడు. ఏడేళ్లు. "తాతయ్యా, మీ ఇంట్లో కుక్క ఉందా?" అన్నాడు. లేదన్నాను. "పిల్లి?" లేదన్నాను. "మరి ఏముంది?" అన్నాడు. అమ్మమ్మ ఉందన్నాను. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. ఆ సాయంత్రమే గాజు తొట్టె కొన్నాను.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపితే 56 లీటర్లు. అడుగున రాళ్లూ, పైన వదిలే ఖాళీ తీసేస్తే 45 దగ్గర ఆగుతుంది. ఇందులో ఎన్ని చేపలు పడతాయని నేను ఎవర్నీ అడగలేదు. సర్కారీ ఆఫీసులో గది కొలిచి సిబ్బందిని వెయ్యడం ఎక్కడన్నా ఉందా? మంజూరైన పోస్టులు నింపడమే.

మా ఆవిడ తొట్టెని చూసి, "ఓ మాట నన్నడగాల్సిందండీ" అంది. ఆవిడ పుట్టిల్లు భీమవరం దగ్గర. మా మామగారికి పన్నెండెకరాల చేపల చెరువుండేది. పెళ్లిచూపులప్పుడు ఆ చెరువు గట్టు మీద నన్ను నడిపించి మరీ చూపించారు. ముప్పై నాలుగేళ్ల కిందటి సంగతి. "ఇవి పులుసు చేపలు కావోయ్" అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లింది. పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ మౌనానికి వడ్డీ ఉంటుంది.

దుకాణంలో నేను చేపల్ని ఎంచుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. చీరల కొట్టులో మా ఆవిడ ఇంతకంటే ఎక్కువ ఆరా తీస్తుంది. రంగు దిగుతుందా, ముడుచుకుపోతుందా, ఇంట్లో ఉతకొచ్చా అని. నేను రంగు చూసి ఆగిపోయాను. బంగారు చేపలు రెండు, తోకలు కుచ్చిళ్లలా ఉన్నాయని. నియాన్ టెట్రాలు ఆరు, పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల్లా ఉన్నాయని. టైగర్ బార్బులు నాలుగు, చారలున్నాయని. ఏంజెల్స్ రెండు, అప్పటికి రూపాయి బిళ్లంతే ఉన్నాయి. గప్పీలు రెండు జతలు. ముదురు నీలం ఫైటర్ ఒకడు. బిల్లు వేశాక కుర్రాడు తనంతట తనే ఒక నల్ల చేపని కవర్లో వేసి, "ఇది సక్కర్ అంకుల్, గ్లాసు మొత్తం సాఫ్ జేస్తది" అన్నాడు. అటెండర్ని కూడా ఇస్తున్నాడని సంతోషించాను.

"ఇవన్నీ కలిసుంటాయా?" అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

"ఏం గాదంకుల్, అన్నీ కల్సే ఉంటయ్."

నిజమే, అక్కడ కలిసే ఉన్నాయి. పక్కపక్క తొట్లలో, మధ్యలో గాజు పలకలతో. ఆ గాజు సంగతి నా బుర్రకి తట్టలేదు.

ఆ రాత్రి మా ముందు గదిలో చైనా, థాయిలాండ్, సుమత్రా, అమెజాన్ ఒకే నీళ్లలో ఈదుతుంటే గర్వంగా కూర్చుని చూశాను. ఎంత పెద్ద అధికారీ చెయ్యలేని అంతర్జాతీయ బదిలీ. తొట్టె కడిగిన అరగంటలో ఇరవైమందినీ చేర్చేశాను. బదిలీ అయిన గుమాస్తాకి కూడా జాయినింగ్ టైము ఇచ్చేవాణ్ని. వీటికి ఇవ్వలేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుందనీ, ఓ రోజు నిలవ పెట్టడమో, క్లోరిన్ విరిచే మందు రెండు చుక్కలు వెయ్యడమో చెయ్యాలనీ, కవరుని ఓ పావుగంట తొట్టెలో తేలనిచ్చి లోపలి వేడీ బయటి వేడీ సమానమయ్యాక వదలాలనీ తరవాత తెలిసింది. తరవాత తెలియడం అన్న మాట ఈ కథలో ఇంకా చాలాసార్లు వస్తుంది.

అయిదో రోజు ఉదయం మూడు నియాన్‌లు వెల్లకిలా తేలాయి.

ఎందుకో అప్పుడు తెలీదు. ఇప్పుడు ఎవరు అడిగినా, అడక్కపోయినా చెబుతాను. చేప విసర్జించేదీ, తినకుండా వదిలేసిన మేతా కుళ్లి నీళ్లలో అమ్మోనియా అవుతాయి. అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే, రక్తాన్ని ప్రాణవాయువు మొయ్యనివ్వదు. దాన్ని ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. అది కాస్త సాధువు. వారానికోసారి పావువంతు నీళ్లు మారిస్తే పోతుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, తపాలా వచ్చింది, మొదటి గుమాస్తా నోటు పెట్టాడు, రెండో గుమాస్తా పైకి పంపాడు, పెద్దసారు సంతకం చేసి వదిలించుకున్నారు. కొత్త తొట్టెలో ఆ ఇద్దరు గుమాస్తాల సీట్లూ ఖాళీ. వాళ్లు వచ్చి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒక్క గుమాస్తా లేని ఆఫీసుకి నేను మొదటి రోజే ఇరవైమంది అర్జీదార్లని తోలాను.

పైగా మాకు రెండు నీళ్లు. వంతు రోజున మంజీరా, మిగతా రోజుల్లో బోరు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున సున్నం పెచ్చు కడుతుంది. అంత క్షారం ఉన్న నీళ్లలో అమ్మోనియా విషం ఇంకా పెరుగుతుంది. నియాన్‌లేమో అమెజాన్ అడవుల్లో ఆకులు నాని పుల్లబారిన మెత్తటి నీళ్లలో పుట్టిన జాతి. గప్పీలకి మాత్రం మా బోరు అమృతం. అంటే ఏ చేపకి ఏ చేప సరిపడుతుందన్న ప్రశ్న కన్నా ముందు, మా గిన్నె అడుగున పెచ్చుకి ఏ చేప సరిపడుతుందన్నది చూసుకోవాల్సింది. ఆ పెచ్చుని ముప్పై ఏళ్లుగా గీకుతున్నది మా ఆవిడ. నేను ఎప్పుడూ ఆ గిన్నె లోపలికి చూడలేదు.

మనవడు నిద్ర లేచేలోపు ఆటో కట్టించుకుని దుకాణానికి వెళ్లి, షట్టరు ఎత్తేదాకా మెట్ల మీద కూర్చుని, మూడు కొత్త నియాన్‌లు తెచ్చి వేశాను. ఇది నా మొదటి ఎంట్రీ. రెండో రిజిస్టరు అలా మొదలైంది. మృగశిర కార్తె నాడు ఊరు ఊరంతా తినడానికి చేపలు కొంటుంటే, నేను చచ్చినవాటి ఖాళీలు నింపడానికి ఇంకో రెండు కొన్నాను.

ఓ రాత్రి మంచినీళ్ల కోసం లేచి లైటు వేస్తే నియాన్‌లకి రంగే లేదు. పాలిపోయి బూడిదలా ఉన్నాయి. జబ్బనుకుని తెల్లవార్లూ ఉప్పు చిటికెలు కొలుస్తూ కూర్చున్నాను. పొద్దున్నకి మళ్లీ బల్బుల్లా వెలుగుతున్నాయి. అవి నిద్రపోతే రంగు దిగుతుందట, అంతే. ఆ రాత్రి జబ్బు పడింది నేనొక్కణ్నే.

మనవడు జూన్‌లో వెళ్లిపోయాడు కానీ, వీడియో కాల్‌లో ప్రతి ఆదివారం హాజరు తీసుకోవడం మొదలెట్టాడు. అన్నిటికీ పేర్లు పెట్టి వెళ్లాడు. బంగారు చేపల్లో ఒకటి చిట్టి. "చిట్టిని చూపించు తాతయ్యా" అనేవాడు. చూపించేవాణ్ని. ఏ చిట్టిని అని మాత్రం అడక్కండి.

బంగారు చేప చల్లటి నీళ్ల మనిషి. 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఏంజెల్స్‌కి 26 కావాలి. చలికాలంలో నేను హీటరుని 23లో పెట్టి రాజీ చేశాను. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాడికీ, మఫ్లరు చుట్టుకొచ్చేవాడికీ మధ్య ఇలాంటి రాజీలు వందలు చేశాను. ఫలితం కూడా అదే, ఇద్దరూ సమానంగా నన్ను తిట్టుకున్నారు. పైగా బంగారు చేపకి కడుపు సంచి లేదు. తిన్నది తిన్నట్టు పేగులోకి పోతుంది, గంట గంటకీ ఆకలంటుంది, తిన్నదంతా అమ్మోనియా చేసి నలుగురికీ పంచుతుంది. ఒక్క చిట్టికే పెద్ద తొట్టె కావాలి. ఎదిగితే జానెడు దాటుతుంది. కమండలంలో వేసిన చేప తెల్లారేసరికి పట్టకపోతే సత్యవ్రత మహారాజు ఎంత కంగారు పడ్డాడో నాకిప్పుడు అర్థమైంది. ఆయనకి చివర్లో సముద్రం ఉంది. నాకు సోఫా పక్కన రెండడుగులే.

టైగర్ బార్బుల సంగతి ఆఫీసులో ఎవరికి చెప్పినా నవ్వుతారు. నలుగురున్నప్పుడు పొద్దస్తమానం ఏంజెల్స్ రెక్కల కొసలు కొరికేవి. నాలుగంటే గొడవ, కాబట్టి రెండు చేద్దామనుకున్నాను. ఇద్దరు యూనియన్ నాయకుల్ని విడదీసినవాణ్ని కదా. ఉన్న రెండూ ఇంకా రెచ్చిపోయాయి. అసలు మందేమిటంటే సంఖ్య పెంచడం. ఎనిమిదీ పదీ ఉంటే వాటి తగవుల్లో అవి మునిగి పక్కవాళ్ల జోలికి తక్కువ వెళ్తాయి. యూనియన్ నాయకులు ఇద్దరుంటే మేనేజ్‌మెంటుని పీకుతారు, పదిమంది ఉంటే ఒకరినొకరు పీక్కుంటారన్న సూత్రం నేను సర్వీసులో ఉండగా తెలిసుంటే ఇంకో ప్రమోషను వచ్చేది.

ఫైటర్ కథ పొట్టిది. థాయిలాండ్ వాళ్లు 2019లో వాణ్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించారు. ఆ హోదా వాడికి తెలుసో ఏమో, మగ గప్పీ తోక కనిపిస్తే చాలు, ఇంకో ఫైటర్ వచ్చాడనుకుని మొప్పలు విప్పి మీదపడేవాడు. గప్పీల తోకలు వాడు చింపితే, వాడి తోక బార్బులు చింపాయి. విచారణ పెండింగులో పెట్టి సస్పెండు చేశాను. ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను మెడ కోసి, అందులో ఓ మొక్క వేసి, కిటికీ పక్కన ఒంటరిగా ఉంచాను. నీళ్లలోదే కాక పైకొచ్చి గాలి కూడా పీల్చుకోగలడు కాబట్టి పంపు లేకపోయినా గడుస్తుంది. నెలలో వాడి తోక మళ్లీ పెరిగింది. నీళ్ల పైన బుడగలతో గూడు కట్టుకున్నాడు. నా సర్వీసులో సస్పెన్షనులో ఇల్లు కట్టుకున్నవాళ్లని చూశాను గానీ, ఇంత నిజాయితీగా కట్టుకున్నవాణ్ని చూడలేదు.

ఇక గప్పీలు. మా ఇంట్లో నాకు తలవంపులు తెచ్చినవి ఇవే.

గప్పీ గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ఇంచుమించు నెలకోసారి. మొదటి కాన్పుకి స్వీట్లు పంచాను. రెండో కాన్పుకి పంచలేదు. మూడో కాన్పు నాటికి, తల్లిదండ్రులే పిల్లల్ని తినేస్తున్నారని గమనించి, ప్రకృతికి కూడా నాలాగే సీటు కొరత ఉందని సరిపెట్టుకున్నాను. అయినా మిగిలేవి మిగులుతున్నాయి. అప్పుడు నా అనుభవం అంతా వాడి ప్రొసీడింగ్స్ ఇచ్చాను. మగ గప్పీల్ని కింద 104 ఫ్లాటుకి డిప్యుటేషను మీద పంపడం, ఆడవాటిని ఇక్కడే ఉంచడం. స్పౌజ్ కేసులు ఎన్ని కలిపానో, మొదటిసారి విడగొడుతున్నందుకు కాస్త బాధ కూడా పడ్డాను.

నెల తిరగలేదు. ఇరవై మూడు పిల్లలు.

ఆ మర్నాడు నేను తొట్టె ముందు కూర్చుని ఒక్కొక్కర్నీ అనుమానంగా చూశాను. ఫైటర్‌ని అనుమానిద్దామంటే వాడు సస్పెన్షనులో ఉన్నాడు. ఇంకో నెలకి మళ్లీ కాన్పు. అసలు సంగతేమంటే ఆడ గప్పీ మగవాడి బీజాన్ని లోపలే దాచుకుని నెలల తరబడి వాడుకోగలదు. బదిలీ అయిపోయిన అధికారి ముందు తేదీ వేసి సంతకం పెట్టిన కాగితాలు ఒక్కొక్కటే బయటికొస్తున్నట్టు. అలాంటి కాగితాలు నా సర్వీసులో పట్టుకున్నాను గానీ ఇక్కడ పట్టుకోలేకపోయాను.

ఈలోగా నియాన్‌ల సంఖ్య ఒకటొకటే తగ్గుతోంది. శవాలు లేవు. వడకట్టు పెట్టె విప్పి చూశాను, రాళ్లు కదిలించాను, చీమలు ఎత్తుకుపోయాయేమోనని నేల మీద కూడా చూశాను. ఏంజెల్స్ మాత్రం రూపాయి బిళ్ల స్థాయి దాటి నా అరచెయ్యంత అయ్యాయి, చాలా ప్రశాంతంగా ఉన్నాయి. వాటి నోరు ఎంతుందో చూడాలని నాకు తోచలేదు. ఆ నోట్లో సరిగ్గా ఒక నియాన్ పడుతుంది. నియాన్‌లు అయిపోయాక వాటి ఖాళీలో జీబ్రా డానియోలు వేశాను. చురుకైన చేప, పుట్టిందీ మన వైపే. అది గాల్లోకి కూడా చురుగ్గా ఎగురుతుందని ఆ మంగళవారం తెలిసింది.

ఇన్ని ఘనకార్యాల్లో మకుటం లాంటిది దీపావళి శుభ్రత. ఇల్లంతా దులుపుతున్నారు కదా అని వడకట్టులో ఉన్న నల్లటి స్పాంజిని తీసి, సబ్బు వద్దని తెలివిగా ఆలోచించి, కుళాయి కింద పిండి పిండి తెల్లగా చేశాను. ఆ ఇద్దరు గుమాస్తాలు కాపురం ఉంటున్నది ఆ స్పాంజిలోనే. క్లోరిన్ నీళ్లతో ఒక్క పూటలో మొత్తం సెక్షన్ని రద్దు చేశాను. తొట్టెలోంచి తీసిన నీళ్లలో స్పాంజిని ఓసారి ముంచి తీస్తే సరిపోయేది. దీపావళికి చిట్టి మళ్లీ మారింది.

ఆ తరవాత మొక్కలు నైట్రేటు పీల్చుకుంటాయని విని, నాచు మొక్కలు గుత్తులు గుత్తులు నాటాను. తొట్టె పచ్చగా కళకళలాడింది. పగలు ఆకుల మీద ముత్యాల్లా బుడగలు. ఇంత గాలి ఉండగా మళ్లీ ఎయిర్ పంపు ఎందుకు, రాత్రిళ్లు గుర్రుమంటోంది, నాకు నిద్ర పట్టడం లేదు. ఆ సోమవారం రాత్రి పడుకోబోతూ స్విచ్చి ఆపేశాను. నాలుగింటికి మెలకువ వచ్చి చూస్తే అన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు విషమయ్యాయనుకుని అత్యవసర బదిలీలు మొదలెట్టాను. వల కనబడలేదు. చిల్లుల గరిటె కనబడింది.

"రాత్రి మోటారు ఆపారా?" అంది మా ఆవిడ.

సోఫా కిందనుంచి ఔనన్నాను.

ఆవిడ స్విచ్చి వేసింది. బాత్రూములోంచి మగ్గు తెచ్చి, తొట్టెలో నీళ్లు ముంచి, జానెడు ఎత్తునుంచి మళ్లీ తొట్టెలోకే పొయ్యడం మొదలెట్టింది. ముంచడం, పొయ్యడం. పూజ చేస్తున్నట్టు. పది నిమిషాల్లో చేపలు ఒకటొకటే కిందికి దిగాయి. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"పగలు నాచు గాలి ఇస్తుంది. రాత్రి అదే నాచు గాలి తింటుంది. తెల్లారుజాముకి నీళ్లలో ఏమీ మిగలదు. మా నాన్న నాలుగింటికి లాంతరు పట్టుకుని గట్టు మీదకి ఎందుకెళ్లేవాడనుకున్నారు, యోగాసనాలకా? చేప తేలితే ఇంజిను వేసి నీళ్లు ఎగజిమ్మేవాళ్లు. మనకి మగ్గు చాలు."

మగ్గు పట్టే ముందే చెయ్యి తడుపుకుని, సోఫా కింద పెట్టి, నేను గరిటెతో వెంటాడుతున్న డానియోని ఒక్కసారికే తీసి తొట్టెలో వేసింది. అది ఓ క్షణం వాలిపోయినట్టుండి, తోక విదిల్చి వెళ్లిపోయింది.

కాఫీ తాగుతూ ఆవిడ చెప్పింది, పదకొండు నెలల వడ్డీతో.

"చెరువులో మూడు రకాలేస్తారండీ. బొచ్చె పైన తింటుంది, దాని నోరే పైకి తిరిగి ఉంటుంది. శీలావతి మధ్యలో. ఎర్రమోసు అడుగున. ఒకదాని కంచం ఇంకోదానికి అడ్డం రాదు. శీలావతి ఎక్కువేస్తారు, బొచ్చె తక్కువేస్తారు. చిల్లుల సంచుల్లో తవుడు కడితే వచ్చి పొడుచుకుని తింటాయి. పిల్ల వదిలే ముందు చెరువెండగట్టి, కొరమీనూ వాలుగా ఒక్కటి లేకుండా ఏరేస్తారు. ఒక్క వాలుగ మిగిలినా సరే, వేసినవి వేసినట్టు దాని పొట్టలోకే. నోటి కొలత చూడాలండీ చేపకి. మీరు తోక చూసి తెచ్చారు."

పెళ్లిచూపుల నాడు ఆ గట్టు మీద నడిచినప్పుడు మా మామగారు ఇదంతా నాకు చెప్పే ఉంటారు. నేను అప్పుడు కూడా వేరే చోట చూస్తున్నాను.

సక్కర్ విషయం కూడా ఆ కాఫీ దగ్గరే తేలింది. అటెండరుగా చేరిన ఆ నల్ల చేప జానెడు దాటింది. గాజు శుభ్రం చెయ్యడం ఎప్పుడో మానేసి, రాత్రిళ్లు చిట్టి ఒంటికి అతుక్కుని దాని మీది జిగురు పీలుస్తోంది. ఇంకా ఎదిగితే అడుగున్నర అవుతుంది. "చీకటి పడ్డాక ఏ చెరువులోనో వదిలేస్తే..." అన్నాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "మా తమ్ముడి వలలు ఏటా చింపుతున్న దెయ్యం చేప ఏదనుకున్నారు? మీలాంటివాళ్లు చీకటి పడ్డాక వదిలిందే!"

అది నిజమే. ఒళ్లంతా ముళ్ల కవచం ఉన్న ఆ దక్షిణ అమెరికా జాతి అక్వేరియంల ద్వారానే వచ్చి మన నదుల్లో, చెరువుల్లో పడింది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో మిగిలిపోయిన డీఎన్ఏ ఆనవాళ్లు పట్టుకుని తూర్పు కనుమల జలాశయాల్లో దాని జాడ వెతికారు. బావమరిది మీద ఇంత పెద్ద కుట్రకి సిద్ధపడ్డానని నాకే తెలీదు.

ఇక దాచి లాభం లేదని, బీరువాలో పాత పే స్లిప్పుల కింద ఉన్న రెండో రిజిస్టరు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఎంట్రీలన్నీ చదివి వినిపించాను. నియాన్‌లు పదిహేడు. గప్పీలు లెక్కలేదు. చిట్టి నాలుగు.

"అయిదు" అంది మా ఆవిడ.

"నాలుగే. మొదటిది, ఆషాఢంలోది, దీపావళిది, సంక్రాంతిది."

"మీరు కార్తీకంలో పెళ్లికని రాజమండ్రి వెళ్లినప్పుడు ఒకటి పోయిందండీ. మీరు బెంగ పెట్టుకుంటారని వాచ్‌మన్ని పంపించి తెప్పించాను. మొదటి చిట్టికి ఎడం కంటి కింద తెల్లమచ్చ. రెండోదానికి లేదు. నేను తెచ్చినదానికి తోక ఒంటి రెక్క. అదైనా గుర్తుపడతారనుకున్నాను."

ముప్పై ఒక్క ఏళ్లు సర్వీసు రిజిస్టర్లలో పుట్టుమచ్చలు సరిచూసినవాణ్ని. నేను ఎంట్రీ దిద్దుకున్నాను.

కొత్త పోస్టింగులు ఆవిడే వేసింది, పాల చీటీ వెనక. నేను కార్బన్ కాపీ మాత్రం తీసుకున్నాను. ఏంజెల్స్‌నీ బార్బుల్నీ దుకాణానికి తిప్పి పంపాం. కుర్రాడు "మస్తు పెరిగినయంకుల్" అని మెచ్చుకుని, పావలా వంతు ధర ఇచ్చాడు. సక్కర్‌ని అయిదడుగుల తొట్టెలో ఆస్కార్ చేపలు పెంచే ఒకాయన పట్టుకెళ్లారు. వాటి మధ్యకి అదొక్కటే సరిజోడని ఆయన నవ్వారు. చిట్టికీ దాని తోడుకీ 104 వాళ్ల పెద్ద సిమెంటు తొట్టెలో చోటు దొరికింది, అక్కడ అన్నీ బంగారు చేపలే. బదులుగా మగ గప్పీలు డిప్యుటేషను ముగించుకుని వచ్చాయి. ఆడవి కిందికి వెళ్లలేదు. వాటిని దోమలకోసం నీళ్ల తొట్టెలో వేసుకుంటానని ఓ ఫ్లాటాయన అడిగితే, బయటికి వదలనని మాట తీసుకుని ఇచ్చాం. ఇప్పుడు మా తొట్టెలో పైన డానియోలు, మధ్యలో మగ గప్పీలు, అడుగున నాలుగు కోరీలు. మీసాలతో ఇసక వెతుక్కునే చిన్న చేపలు ఇవి. అడుగు శుభ్రం చేస్తాయని దుకాణంలో అన్నారు గానీ, మా ఆవిడ నమ్మలేదు, వాటికి విడిగా మునిగే మేత వేస్తోంది. ఫైటర్ తన క్యానులోనే ఉన్నాడు. సస్పెన్షను ఎత్తేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, వాడికి అక్కడే బావుందట.

మొదటి రాత్రి ఓ కోరీ అడుగునుంచి బాణంలా పైకి దూసుకొచ్చి, గుటుక్కున గాలి మింగి, మళ్లీ కిందికి వెళ్లింది. నేను గరిటె కోసం పరుగెత్తాను.

"కొరమీను చెయ్యదూ అలాగ? దాని అలవాటండీ. పడుకోండి," అంది లోపల్నుంచి.

ఆదివారం వీడియో కాల్‌కి ఫోను పట్టుకుని 104కి దిగుతున్నాను. చిట్టికి ప్రమోషను మీద బదిలీ అయిందని మనవడికి చెప్పాం.

మొన్న మా బావమరిది భీమవరం నుంచి వచ్చాడు. చెప్పులు విప్పి నేరుగా తొట్టె దగ్గరికే వెళ్లాడు. చేతులు వెనక్కి కట్టుకుని, చెరువు గట్టు మీద నడిచినట్టు ఓసారి ఇటు, ఓసారి అటు తిరిగి, వంగి నీళ్ల వాసన చూసి, తల ఊపాడు.

"నీళ్లు బాగున్నాయండి బావగారూ. పట్టుబడి ఎప్పుడండి?"

"వీటికి పట్టుబడి ఉండదయ్యా. ఊరికే చూడ్డానికి."

వాడు తొట్టెనీ, పక్కనున్న మేత డబ్బానీ, దాని మీదున్న ధరనీ, నన్నూ మార్చి మార్చి చూశాడు.

"మరి మేతెందుకండి?"